సున్నిపిండిలో బావంచాలు ఎన్ని?

సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు అచ్యుతాపురం కూడలి బస్సులతో కిక్కిరిసిపోతుంది. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ నెలకొల్పిన దుస్తుల పార్కులో పగలంతా కుట్టుమిషన్ల ముందు కూర్చున్న అమ్మాయిలు అనకాపల్లి, ఎలమంచిలి, గాజువాక దారులు పట్టి ఇళ్లకు వెళ్తారు. దారిలో ఏ ఫ్యాన్సీ షాపు ముందు ఆగినా దండలు గుచ్చినట్టు వేలాడే చిన్న ప్యాకెట్లు పలకరిస్తాయి. ఒకదాని మీద పసుపు కొమ్ము బొమ్మ, ఇంకోదాని మీద వేపాకు, మరోదాని మీద కలబంద. అన్నిటి మీదా ఒకటే హామీ: ప్రకృతి సిద్ధం, కాబట్టి హాని లేదు. బస్సులో కూర్చుని ఫోను తెరిస్తే అదే పాఠం ఇంకో రూపంలో వినిపిస్తుంది. నిమ్మచెక్క ముఖానికి రుద్దమంటారు, తినేసోడాలో తేనె కలపమంటారు, టమాటా ముక్క మీద పంచదార చల్లి రాయమంటారు.

వంటింటి పదార్థాల మీద తెలుగువాళ్లకున్న నమ్మకం ఉత్తి మూఢత్వం కాదు. దాని వెనక తరాల అనుభవం ఉంది. ఆ అనుభవంలో పదార్థం సగమైతే, ఎంత వేయాలి, ఎంతసేపు ఉంచాలి, ఎలా కడగాలి అన్న పద్ధతి మిగతా సగం. బజారు పదార్థాన్ని పట్టుకుపోయి, పద్ధతిని వదిలేసింది. చర్మాలు పాడవుతున్నది ఇక్కడే.

సున్నిపిండినే తీసుకోవచ్చు. పెసలు, శనగలు, కాసిన్ని బియ్యం, మెంతులు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండబెట్టిన గులాబీ రేకులు, తంగేడు పూలు, వాటితోపాటు బావంచాలు. ఇంటింటికీ పాళ్లు మారతాయి గానీ తీరు మాత్రం ఒకటే: పెసలూ శనగలూ కిలోల్లో పోస్తారు, బావంచాలు పిడికెడు వేస్తారు. ఆ పిడికెడుకి పెద్ద కారణమే ఉంది. బావంచాల్లో సోరాలెన్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మకణాల మీద వాటి దెబ్బ ఎన్నో రెట్లు పెరుగుతుంది. చర్మం ఎర్రబడుతుంది, బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత నెలల తరబడి నల్లమచ్చ నిలిచిపోతుంది. ఇదే గుణాన్ని ఆయుర్వేదం బొల్లి మచ్చలకు రంగు తెప్పించడానికి వాడుకుంది. 1970ల నుంచి ఆధునిక చర్మవైద్యులు కూడా సోరాలెన్ మందు ఇచ్చి, లెక్కగా కిరణాలు పట్టించి, సోరియాసిస్‌కూ బొల్లికీ చికిత్స చేస్తున్నారు. ఆ చికిత్సలో సెకన్ల లెక్కా మిల్లీగ్రాముల లెక్కా తప్పితే రోగి ఒళ్లు కాలుతుంది.

అదే గింజలో ఇంకో పదార్థం కూడా ఉంది. పేరు బకూచియోల్. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీ ప్రచురించిన పరీక్షలో 44 మంది 12 వారాలపాటు ముఖానికి పూత రాశారు. కొందరు అర శాతం బకూచియోల్ రాసుకుంటే, మిగతావాళ్లు ముడతలకు పేరుమోసిన రెటినాల్‌ను అదే అర శాతం పాళ్లలో రాసుకున్నారు. సన్నటి ముడతలూ మచ్చలూ తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. రెటినాల్ వాడినవాళ్లకు మంట, పొట్టు రేగడం ఎక్కువగా కనిపించింది. అప్పటి నుంచి ఖరీదైన సీరం సీసాల మీద బకూచియోల్ పేరు మెరుస్తోంది. ఆ సీసాల్లోకి చేరేలోగా గింజ నుంచి సోరాలెన్‌ను వేరుచేసి తీసేస్తారు. పచారీ కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే బావంచాల పొడిలో మాత్రం మేలుచేసేదీ కాల్చేదీ రెండూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు సున్నిపిండితో నలుగు పెట్టే తీరు గుర్తుచేసుకోవాలి. ముందు ఒళ్లంతా నువ్వులనూనె పట్టిస్తారు. పైన నలుగు పెట్టి, చేత్తో నలిచి రాలగొట్టి, వెంటనే వేడినీళ్లు పోస్తారు. స్నానాల గది నీడలో, కాసేపట్లో ముగిసే పని. చర్మానికీ పిండికీ మధ్య నూనె పొర ఉంది. పిండి ఒంటి మీద ఉన్నది కొద్ది నిమిషాలే. ఎండ తగిలే వీలే లేదు. అంటే పిడికెడు బావంచాల ముప్పుకి మూడు అడ్డుకట్టలు. అలా నలుగు పెట్టిన అమ్మమ్మలకు సోరాలెన్ పేరు తెలియదు. అయినా ఆ పద్ధతిలో ఎంత జాగ్రత్త ఇమిడి ఉందో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇవాళ్టి ఫేస్‌ప్యాక్ అంతా దీనికి తలకిందులు. నూనె ఉండదు. పిండిలో నిమ్మరసం పిండుతారు. ఎండి బిగుసుకునేదాకా అరగంట, ముప్పావుగంట ఉంచుతారు. కడుక్కుని సరాసరి మిట్టమధ్యాహ్నం షిఫ్టు బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు.

పైగా నిమ్మరసం, ముఖ్యంగా తొక్కలోని నూనె, బావంచాల సోరాలెన్ కుటుంబానికే చెందిన రసాయనాలను మోస్తుంది. ఎండలో నిమ్మకాయలు పిండినవాళ్ల చేతుల మీద రసం కారిన దారి వెంబడి గోధుమరంగు చారలు పడటం చర్మవైద్యులకు కొత్త కాదు. ఇంకో సంగతి: మనిషి చర్మం పైపొర కాస్త పులుపు గుణంతో, పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది. ఆ పొరే సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది, తడిని పట్టి ఉంచుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. తినేసోడా నీళ్లు 8 దాటతాయి. ఒకరోజు ఇదీ మరునాడు అదీ రుద్దితే ఆ పొర చెదిరి, చర్మం మంటపుట్టి, పొడిబారి, మొటిమలకు నిలయమవుతుంది. మంట పుడితే పనిచేస్తున్నట్టే అని వీడియోల్లో చెప్పే మాట పచ్చి అబద్ధం. మంట అంటే ఆపమని చర్మం చెప్పడం.

అనకాపల్లి బెల్లం ఊరు. ఇక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నాటిది. చెరకులో ఉండే గ్లైకాలిక్ ఆమ్లాన్నే చర్మవైద్యులు ముఖం మీది మృతకణాలను తొలగించే ‘పీల్’ చికిత్సకు వాడతారు. అలాగని చెరకురసమో బెల్లం ముద్దో ముఖానికి పూస్తే పీల్ కాదు, చీమలకు విందు అవుతుంది. వైద్యుడి చేతిలోని సీసాలో ఆమ్లం ఎంత శాతమో, పీహెచ్ ఎంతో, ఎన్ని నిమిషాలకు దాన్ని విరచాలో లెక్క ఉంటుంది. చెరకుగడ మీద ఆ లెక్క రాసి ఉండదు.

సహజమైనదల్లా మెత్తనిది అనుకునేవాళ్లు శ్రీకాకుళం జిల్లా పలాసకు ఒకసారి వెళ్లి రావాలి. జీడిపిక్కలు ఒలిచే మహిళల వేళ్లు చూస్తే భ్రమ తొలగిపోతుంది. పిక్క పెంకులో ఉండే నల్లటి రసం స్వచ్ఛమైన ప్రకృతి సృష్టి. ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు. చర్మానికి తగిలితే నల్లగా కాలి, తోలు ఊడిపోతుంది. అందుకే ఒలిచేవాళ్లు చేతులకు నూనె, బూడిద పట్టించుకుని పనిలోకి దిగుతారు. దాని దగ్గరి చుట్టం నల్లజీడి. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడిన గింజ అదే. ఆ గుర్తు మెడ వెనక తగిలిన చోట దద్దుర్లు లేవడం పాత వైద్యగ్రంథాల్లో ప్రత్యేకంగా నమోదైన సంగతి.

ఇంతకీ పనికొచ్చేవి లేవా? చాలానే ఉన్నాయి.

కుంకుడుకాయను మించిన ఉదాహరణ దొరకదు. రాయి మీద కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే తెల్లటి నురగ వస్తుంది. ఆ నురగ సపోనిన్లది. జిడ్డును పట్టుకుని నీళ్లతో లాక్కుపోయే పనిలో షాంపూకి తక్కువ కాదు. మామూలు సబ్బుబిళ్ల నీళ్లు పీహెచ్ 9, 10 దాకా పోతే, కుంకుడు పులుసు మాత్రం చర్మంలాగే కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. ఇక్కడా ఒక హెచ్చరిక ఉంది. కంట్లో పడితే ఎలా మండుతుందో తలంటుకున్న ప్రతి తెలుగు పిల్లకీ తెలుసు. కుంకుళ్లు, శీకాయ ఎక్కువగా వచ్చేది ఏజెన్సీ కొండల నుంచి. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ వాటిని గిరిజనుల దగ్గర కొని అమ్ముతోంది. హెర్బల్ అన్న అక్షరాలకు డబ్బు పెట్టేకంటే ఆ కాయలకే పెట్టడం మేలు. లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది, రూపాయి కూడా కాయలు ఏరిన చేతికి చేరుతుంది.

కొబ్బరినూనెకు నమ్మకంతోపాటు పరీక్షల మద్దతూ ఉంది. ఫిలిప్పీన్స్‌లో తామరలాంటి పొడిచర్మపు జబ్బు ఉన్న పిల్లలకు 8 వారాలు రాసి చూసిన పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పచ్చికొబ్బరి నుంచి తీసిన నూనె మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసింది. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ ప్రచురించింది. పసిబిడ్డకు నూనె రాయడం చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు ఆ అంకెను కాస్త నిదానంగా చదవాలి. అదే కొబ్బరినూనె మొటిమల ముఖానికి పడదు, రంధ్రాలు పూడుతాయి. చుండ్రు తలకూ మంచిది కాదు. చుండ్రుకు కారణమయ్యే మలసేజియా అనే ఈస్టు బతికేదే కొవ్వు మీద. సముద్రపు ఉక్కపోతలో విశాఖ తీరంవాళ్లు ఒళ్లంతా నూనె పట్టించి కడగకుండా వదిలేస్తే చెమటకాయలు కూడా పెరుగుతాయి.

ఇక పసుపు. పాడేరు కొండల్లో గిరిజన రైతులు పండించే పసుపు విశాఖ వంటింటికి పాత పరిచయమే. గాయానికి పసుపు అద్దడమనే అలవాటు కోసం ఈ దేశం అమెరికాలో పోరాడింది కూడా. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం తమ ఆవిష్కరణ అంటూ మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం 1995లో అక్కడ పేటెంట్ పొందింది. రఘునాథ్ మాషేల్కర్ నాయకత్వంలోని భారత పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ 32 పాత ఆధారాలు చూపించి సవాలు చేసింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. గర్వించదగ్గ గెలుపే. అయితే ఆ జ్ఞానం పాతది, ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు అన్నదే అక్కడ తేలింది. ప్రతి చర్మరోగానికీ పసుపు మందని ఏ తీర్పూ చెప్పలేదు. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉన్న మాట నిజం. కానీ అది నీళ్లలో కరగదు, చర్మం లోపలికి సులభంగా దిగదు, వెలుతురుకు విరిగిపోతుంది. నూనెతో, పెరుగుతో కలిపి రాయడం అందుకే కాస్త నయం. కొందరికి పసుపే పడదు, దురద పుడుతుంది. పొడికంటే కొమ్ములు కొని మిల్లులో ఆడించుకోవడం మంచిది. రంగు కోసం పసుపులో సీసం కలిసిన లెడ్ క్రోమేట్ వేస్తున్నారని బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధన 2019లో బయటపెట్టింది. ఒంటికి రాసుకున్న పొడి గోళ్ల సందుల్లోంచి, పసిపిల్లల నోటిలోంచి కడుపులోకీ పోతుంది.

కుంకుమదీ అదే కథ. పసుపుకు సున్నపు గుణం తగిలితే ఎర్రబడుతుంది, పాత కుంకుమ తయారైంది అలాగే. బజారులో దొరికే చాలా కుంకుమల్లో ఎరుపు రసాయన రంగులది. నుదుట బొట్టు పెట్టిన చోటే చర్మం నల్లబడి దురదపెట్టడం మన దేశపు చర్మవైద్యులు తరచుగా చూసే సమస్య. గోరింటాకు కూడా ఇంతే. ఆకు ఇచ్చేది నారింజ, ఎరుపు రంగులు. గంటలో నల్లగా పండే కోనులో తరచుగా ఉండేది జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం. పెళ్లికి చేతులు పండించుకుని బొబ్బలతో ఆస్పత్రికి పోయినవాళ్లు దాని బాధితులే.

ఈ గందరగోళం అంతటికీ అడుగున ఉన్నది తెల్లబడాలన్న ఆరాటం. దాన్ని సూటిగా తప్పుపట్టాల్సిందే. 1975లో దేశంలో అడుగుపెట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. పేరు మారినంత సులువుగా మనసులు మారలేదు. పెళ్లిచూపుల్లో రంగు అడిగే మాట ఇంకా ఆగలేదు. ఆ మాటకు భయపడే స్టెరాయిడ్ కలిసిన పూత మందులు చీటీ లేకుండా కొని, నెలల తరబడి ముఖానికి రాస్తున్నారు. మొదటి వారం ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు కమ్మేస్తాయి. డాక్టరు చీటీ లేనిదే వీటిని అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు యువతీయువకుల విషయంలో డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్లు వాడిన ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం బయటపడింది. పసుపు, శనగపిండి, చందనం ఏవీ పుట్టుకతో వచ్చిన రంగును మార్చలేవు. అవి చేసేది శుభ్రం చేయడం, మెత్తబరచడం. అంతే చాలు కూడా.

మంగు మచ్చలతో బాధపడే ఆడవాళ్లను వంటింటి పూత ఏదీ ఎండ నుంచి కాపాడదు. పూడిమడక రేవులో చేపలు ఎండబెట్టే మహిళలు తల మీంచి కొంగు బాగా ముందుకు లాక్కుంటారు. ఏ లేపనం కంటే ముందు చేయాల్సిన పని అదే. గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, అందుబాటులో ఉంటే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. కొనే ప్రతి ప్యాకెట్టునూ వెనక్కి తిప్పి చదవాలి. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ముందు బొమ్మలో ఉన్న వేప వెనక జాబితాలో చిట్టచివర కనిపిస్తే, అందులో వేప ఎంతో తెలిసిపోతుంది. కొత్తది ఏదైనా, ఇంట్లో నూరిందైనా సరే, మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూశాకే ముఖం దాకా తీసుకెళ్లాలి.

అచ్యుతాపురంలో చర్మం గురించి మాట్లాడేటప్పుడు అందం దగ్గరే ఆగిపోవడం అన్యాయం. ఇది దుస్తుల పార్కుతోపాటు మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి. 2022 జూన్‌లోనూ, మళ్లీ ఆగస్టులోనూ విషవాయువు పీల్చి వందమందికి పైగా కార్మికులు, ఎక్కువగా మహిళలు, ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఒక మందుల ఫ్యాక్టరీలో ద్రావకం లీకై జరిగిన పేలుడు 17 మందిని బలిగొంది. ఎందరో గాయాలపాలయ్యారు. ఇలాంటి చోట కాలిన చర్మానికి మొదటి పది నిమిషాల్లో ఏం చేశారన్నది ఆ మనిషి మిగతా జీవితాన్ని నిర్ణయిస్తుంది. ఇప్పటికీ కాలిన చోట పసుపు చల్లడం, తేనె పూయడం, టూత్‌పేస్ట్ రాయడం, సిరా పోయడం ఆగలేదు. పూత కింద వేడి చిక్కుకుపోతుంది, గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించదు, పైపెచ్చు క్రిములు చేరతాయి. చేయాల్సింది ఒక్కటే: ఇరవై నిమిషాలపాటు చల్లటి కుళాయి నీళ్లు పారనివ్వడం. ఐసు కూడదు. ఉంగరం, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. ఆమ్లమో క్షారమో ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పేసి ఇంకా ఎక్కువసేపు నీళ్లు పోయాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసం పోస్తే ఆ రసాయన చర్యలో మరింత వేడి పుట్టి గాయం లోతెక్కుతుంది. పొడి సున్నంలాంటిది పడితే ముందు దులిపి, తర్వాతే నీళ్లు.

రోజువారీ పనిలో చేతులకు అంటే ద్రావకాలు, బట్టకు పట్టించిన ముడత నిరోధక రసాయనాలు, రంగులు నెమ్మదిగా వేళ్ల సందుల్లో పగుళ్లు, దురద తెస్తాయి. రాత్రి ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటే ఉపశమనం ఉంటుంది. తెల్లారి మళ్లీ అదే రసాయనంలో చేయి పెడితే జబ్బు ఎక్కడికీ పోదు. రసాయనాలు, రంగులు తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధిని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ప్రభుత్వానికి తెలియపరచాల్సిన వృత్తిజబ్బుల జాబితాలో చేర్చింది. అంటే ఆ దురద ఆ అమ్మాయి సొంత గొడవ కాదు, యాజమాన్యం బాధ్యత. ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు ఏ విభాగంలో, ఏ రసాయనంతో పనిచేస్తున్నదీ చెప్పాలి, డాక్టరు దాన్ని రాసి ఉంచాలి.

ఫ్యాక్టరీలు కూడా పని లైను పక్కనే చేతులు కడుక్కునే చోటు, గాఢత తక్కువ ఉన్న సబ్బు, సరిపోయే కొలతల్లో చేతి తొడుగులు ఇవ్వాలి. రసాయనాలున్న ప్రతి విభాగంలో అత్యవసర షవర్లు, కళ్లు కడిగే కుళాయిలు ఉండాలి. వాటిని వారానికోసారి తిప్పి చూసి, చూసిన తేదీని పక్కన గోడ మీద రాయాలి. ఎలా వాడాలో ఆ గోడ మీదే తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టాలి, చదువు రానివాళ్లకు బొమ్మలతో సహా.